చెట్టు బెరడే మీ ల్యాబ్!

‘వాయు కాలుష్య సూచికలు ఏవి?’ పోటీ పరీక్షల్లో కనిపించే బిట్ ఇది. ‘లైకెన్లు’ అని టిక్ పెట్టి ముందుకెళ్లిపోతాం. కానీ దాని వెనక పైసా ఖర్చు లేని ప్రాజెక్టు ఒకటి ఉంది.

లైకెన్లు మీకు కొత్తేం కాదు. బిర్యానీలో వేసే రాతిపువ్వు లైకెనే. చెరుకుపల్లిలో కొబ్బరి, మామిడి మానులు చూడండి. సున్నం చిలకరించినట్టుండే మచ్చల్లో చాలావరకు ఇవే.

గాలి ఎలా తెలుస్తుంది?
లైకెన్ రెండు జీవుల కాపురం. శిలీంధ్రం ఇల్లు కడితే, లోపలి శైవలం ఎండతో వంట చేస్తుంది. వీటికి వేళ్లు లేవు, ఆకులకుండే మైనపు పొర లేదు. గాలిలో ఏముంటే అది లోపలికొచ్చేస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ చేరితే పత్రహరితం పాడై వంట ఆగిపోతుంది. పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానంలో ఉన్న చాలా లైకెన్లు నగరంలో మిగతాచోట్ల లేవని 1866లోనే విలియం నైలాండర్ రాశారు.

బిట్‌లో లేనిది
2005లో ఐరోపా అంతరిక్ష సంస్థ లైకెన్లను సుమారు 15 రోజులు నేరుగా అంతరిక్షంలో ఉంచితే బతికే తిరిగొచ్చాయి. ఎండితే అవి నిద్రలోకి జారుకుంటాయి, అదే రక్ష. తడిసి మేలుకున్నప్పుడే పొగ దెబ్బ గట్టిగా తగులుతుంది. గుబురుగా వేలాడే రకాలు సాధారణంగా ముందు పోతాయి. బెరడుకు అతుక్కున్న పెచ్చు రకాలు ఎక్కువ తట్టుకుంటాయి. అమ్మోనియా ఉన్నచోట కొన్ని ఇంకా బాగా పెరుగుతాయి. కాబట్టి యూరియా చల్లే వరి పొలాల పక్కన ‘లైకెన్ ఉంది, గాలి శుభ్రం’ అనేయలేం. ఏ రకం ఉందో చూడాలి.

మీరేం చేయొచ్చు?
రద్దీ రోడ్డు పక్కన ఐదు, పొలాల వైపు ఐదు చెట్లు ఎంచుకోండి. ఒకే జాతి, దాదాపు ఒకే లావు ఉండాలి. నేల నుంచి మీటరు ఎత్తులో, నాలుగు దిక్కులా, 10 సెం.మీ. గళ్లు ఐదేసి పెట్టి ఎన్ని గళ్లలో ఏ రకం ఉందో రాసుకోండి. ఫొటోలు తీయండి. బోటనీ వాళ్లు రకాలు గుర్తిస్తే, ఇంజినీరింగ్ వాళ్లు పైథాన్‌తో మచ్చల విస్తీర్ణం లెక్కించొచ్చు. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే లక్నోలోని సీఎస్ఐఆర్-ఎన్‌బీఆర్‌ఐలో లైకెన్ల మీదే పనిచేసే విభాగం ఉంది.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పదు: ‘తేడాకి కారణం నీడో, బెరడో, ఎండో కాదని ఎలా చెప్తారు?’ జవాబు మీ నోట్‌బుక్‌లో ఉండాలి. అందుకే నీడ, తేమ కూడా మొదటి రోజు నుంచే రాసుకోండి.