డబ్బాలో మిగిలిపోవు ఆకుకూర: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మధ్యాహ్న విరామపు గంట కొట్టిన పిదప తరగతుల వెంట ఒకసారి తిరిగివచ్చుట మాకు వాడుక. పిల్లల డబ్బాలు చూచుటకే తిరుగుచున్నామని కొందరు తల్లులు అనుకొనుచున్నారు. అది కొంత నిజమే. ఆ డబ్బాలలో కనబడునవి చాలవరకు కొన్నియే: తెల్లని అన్నము, మామిడి తొక్కు, చల్లారిన చపాతి, బంగాళాదుంప, త్రోవలో కొన్న వడాపావు, లేనిచో ఐదు రూపాయల చిప్సు పొట్లము. ఆకుకూర తెచ్చిన బాలుడు దానిని ఒక ప్రక్కకు త్రోసి, అన్నము మాత్రము తిని, మిగిలినది గోడ వెనుక పారబోసి వచ్చుట కూడ మేము చూచితిమి.

ప్రభుత్వము ఇచ్చు మధ్యాహ్న భోజనమునకు ఒక కొలత కలదు. ప్రాథమిక తరగతుల పిల్లవానికి దినమునకు 100 గ్రాముల ధాన్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు మొదలు ఎనిమిది వరకు చదువు వారికి ఇవి 150, 30, 75, ఏడున్నర గ్రాములు. కాని ఖిచిడీలోని కూరముక్కలను ఏరి పళ్ళెము అంచున పెట్టు పిల్లవానికి ఆ 50 గ్రాములు అందనట్లే గదా.

కొన్ని సంవత్సరముల క్రిందట ఐదవ తరగతి బాలుడొకడు ఉదయపు ప్రార్థన వేళ నిలుచున్నచోటనే కూలిపోయెను. ఆసుపత్రిలో రక్తము పరీక్షించగా హిమోగ్లోబిన్ 8 గ్రాములని తేలినది. ఆ వయసు పిల్లలకు పదకొండున్నరకు తగ్గరాదు. తండ్రి రాత్రి పాళీ మగ్గము నడిపి వచ్చి నిద్రలో నుండెను. తల్లి కండెలు చుట్టుచున్నచోటి నుండి పరుగున వచ్చినది. "ఏం జేయాలె సార్, వాడు అన్నం, తొక్కు, చాయ్ తప్ప ఇంకేం ముట్టడు" అని ఆమె కంటనీరు పెట్టుకొనెను. వారు తులసిమాల ధరించిన కుటుంబీకులు. మాంసము, గ్రుడ్డు ఆ ఇంట లేవు. శాకాహారమున దోషము లేదు. ఆ బాలుడు శాకాహారపు ఇంట పుట్టి శాకమునే విడిచినవాడు, అదియే చిక్కు.

అటుపిమ్మట మేము చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గుగానున్నది. పళ్ళెములోని కూర పూర్తిగా తిననిదే ఎవరును లేవరాదని ఆజ్ఞ ఇచ్చితిమి. ఆ బాలుని ప్రక్కన మేమే కూర్చుంటిమి. రెండు దినములు వాడు కన్నులు మూసుకొని మ్రింగెను. మూడవనాడు అందరి ఎదుట వాంతి చేసుకొనెను. పిదప నాలుగు దినములు బడికి రాలేదు. ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పుచు, అక్షరము రాని పిల్లవానిని కొట్టి నేర్పరాదని తెలిసిన మాకు, రుచిని మాత్రము గద్దించి నేర్పవచ్చునని ఎట్లు తోచినదో!

పిల్లలు క్రొత్త తిండిని చూచి వెనుకకు తగ్గుట మొండితనము కాదు. రెండేండ్ల ప్రాయము మొదలు ఐదారేండ్ల వరకు అది మిక్కిలి సహజము. కొందరిలో పెద్దయిన తరువాత కూడ నిలిచిపోవును. అమెరికాలో లీన్ బర్చ్ అను శాస్త్రజ్ఞురాలు 1980 ప్రాంతముల నుండి పసిపిల్లల రుచులను గూర్చి అనేక పరిశోధనలు చేసెను. ఆమెయు, ఆ తరువాతివారును కనుగొన్నది ఏమనగా, ఒక వస్తువు నచ్చవలెనన్న పిల్లవాడు దానిని పది పదిహేను మారులైన నాలుకపై వేసికొనవలెను. మన ఇండ్లలో మూడవ మారునకే "వీనికి పడదు" అని తీర్పు చెప్పి మానివేయుచున్నాము. మరియొక సంగతి. "కూర తిన్నచో చాక్లెట్ ఇత్తును" అనినచో చాక్లెట్‌పై ప్రేమ పెరుగును, కూరపై విముఖత పెరుగును. కూర శిక్షయనియు చాక్లెట్ బహుమానమనియు మనమే నేర్పినట్లగును.

కావున ఆ బాలుని విషయమున త్రోవ మార్చితిమి. పాలకూర కలిపిన పప్పు ఒక్క చెంచాడు, గోటిముక్కంత ఆకుతో, వాని పళ్ళెమున పెట్టించి ఊరకుంటిమి. తినుమనలేదు, తినకున్న అడుగలేదు. కూర ఇష్టముగ తిను స్నేహితుని ప్రక్కన కూర్చుండబెట్టితిమి. మొదటి వారము ఆ చెంచాడు అట్లే మిగిలెను. రెండవ వారమున వ్రేలితో ముట్టి నాకెను. నెల గడచునప్పటికి ఆకు ఏరివేసి పప్పు తినెను. మేము దానినే గెలుపుగా లెక్కించితిమి.

ఆకునకును రక్తమునకును గల సంబంధము కనుగొనబడిన చరిత్ర మనకు మిక్కిలి దగ్గరిది. అందువలన కొంత విస్తరించి వ్రాయుచున్నాము. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు స్త్రీలకు గర్భసమయమున కలుగు తీవ్రమైన రక్తహీనతను పరిశీలించెను. మన భివండీకి అనతిదూరముననే, మనవంటి నూలుపని కుటుంబములలోనే ఈ పరిశోధన జరిగినది. కారణము సూక్ష్మజీవి కాదనియు, తిండిలోని లోపమనియు ఆమె గ్రహించి, ఈస్టు సారము ఇచ్చినచో ఆ స్త్రీలు కోలుకొనుచున్నారని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణకారి యేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి దానిని వేరుచేసి, ఆకు అను అర్థము గల లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధక బృందమునకు నాయకుడు మన తెలుగువాడే: భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను ప్రేగువ్యాధితో మరణించిరి. ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము మందుగా ఉపయోగపడుట గమనింపదగినది.

బడిలో వారమున కొకటి ఇచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఐదు నుండి తొమ్మిది యేండ్ల వారికి గులాబిరంగు మాత్ర, పది దాటినవారికి నీలిరంగు మాత్ర. ఇంటిలో ఎవరో "ఉమ్మివేయి" అని చెప్పి పంపుటచే కొందరు పిల్లలు దానిని జేబులో దాచుకొనుచున్నారు. దయచేసి అట్లు చెప్పవలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున ఆరు నెలల నుండి ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆ పిల్లలే తరువాత మా బడికి వచ్చువారు.

ఇక చాయ సంగతి. అన్నముతో గాని, అన్నము తిన్న వెంటనే గాని చాయ త్రాగినచో ఆకులలో, పప్పులలో నున్న ఇనుము శరీరమునకు సరిగా పట్టదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు భోజనమునకు ముందును వెనుకను కనీసము ఒక గంట చాయ మానుమని చెప్పుచున్నారు. పాళీ దిగివచ్చిన తండ్రి చాయ త్రాగకుండునా యని అడుగుదురేమో. తండ్రి త్రాగవచ్చును, పిల్లవాని అన్నము ప్రక్కన గ్లాసు పెట్టకున్న చాలును. దీనికి ఎదురుగా పనిచేయునది పులుపు. నిమ్మ, ఉసిరి, జామ ఇనుమును పట్టించును. నిమ్మరసము పప్పు దించిన తరువాత పిండవలెను. పొయ్యిపై నుండగా పిండినచో అందలి సత్తువ పోవును. ఆకు ఉడికించిన నీరును పారబోయుట కూడ నష్టమే.

మన పెద్దలు నల్లగొండ, కరీంనగర్, వరంగల్లు జిల్లాల నుండి మగ్గముల పనికై ఇచ్చటికి వచ్చినప్పుడు జొన్నరొట్టె, పుంటికూర, ఉలవలు, గంగవాయిలి కూర తిని పెరిగినవారు. ఇచ్చటి పిల్లలు వానిని ఊరి తిండియని ఎగతాళి చేయుచున్నారు. అవన్నియు ఇక్కడి సంతలోనే కలవు, పేర్లు మాత్రము వేరు. పుంటికూర ఇచ్చట అంబాడీ, గంగవాయిలి ఘోళ్, చుక్కకూర చుకా, మునుగ శేవ్గా, తైదలు నాచణీ, ఉలవలు కుళీథ్. చవ్‌ళీ యనినచో ఒక చోట తోటకూర, ఒక చోట బొబ్బర్లు ఇత్తురు. మేము కూడ ఒకసారి మోసపోతిమి. తైదలలో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు, అనగా అంతే పాలలో నున్నదానికి రెట్టింపునకు మించి. ఉలవలు, పెసలు, మట్కీ నానబెట్టి మొలకెత్తించినచో ఇనుము సులభముగ పట్టును. అన్నములో తక్కువైన మాంసకృత్తు భాగమును పప్పు పూరించును, పప్పులో తక్కువైనది అన్నము పూరించును. కావున పప్పు లేని తొక్కు అన్నము కడుపు నింపునే గాని పిల్లవానిని పెంచదు.

ఒక్క విషయమున మాత్రము ఆకులు, పప్పులు చాలవు. బి-12 అను విటమిన్ వానిలో లేదు. గ్రుడ్డు, మాంసము లేని ఇండ్లలో పిల్లలకు ప్రతిదినము పాలో, పెరుగో, మజ్జిగో తప్పనిసరి.

కండెల పని నడుమ మూడు కూరలు వండుట ఏ తల్లికిని సాధ్యము కాదని మేమెరుగుదుము. వండుచున్న పప్పులోనే పిడికెడు ఆకు వేయుడు, రొట్టెపిండిలోనే మెంతికూర కలుపుడు. ఆకులు త్రెంచు పని పిల్లలకే అప్పగించుడు. తాము త్రెంచినదానిని రుచి చూడకుండుట వారికి కష్టము. తండ్రులకు ఒక మనవి: పిల్లవాని ఎదుట "ఈ గడ్డి నాకెందుకు" అని పళ్ళెము త్రోయవలదు. వాడు అదే మాట మరునాడు బడిలో మాకు చెప్పుచున్నాడు.

ఆ బాలుడు ఇప్పుడు ఎనిమిదవ తరగతి. రక్తము పదకొండున్నర దాటినది. కాకరకాయ నేటికిని ముట్టడు. మేమును ముట్టము గనుక దానిని గూర్చి వానితో ప్రసంగింపలేదు.