పుట్టకూ చెట్టుకూ ఆగే బండిలో జపాన్

తెల్లవారుజామున ఆరు కాకముందే ఒగాకి స్టేషన్‌లో ఒకప్పుడు పరుగుపందెం జరిగేది. ముందురోజు రాత్రి టోక్యోలో బయల్దేరిన ‘మూన్‌లైట్ నగారా’ అక్కడ ఆగగానే పది బోగీల జనం బిలబిలా దిగి, బ్యాగులు భుజాన వేసుకుని, అవతలి ప్లాట్‌ఫారానికి ఒకటే ఉరుకు. మైబరా వైపు వెళ్లే బండి చిన్నది. ముందు చేరినవాళ్లకు సీటు, మిగిలినవాళ్లకు నిలువుకాళ్ల ప్రయాణం. దీనికి ‘ఒగాకి డ్యాష్’ అని పేరు కూడా పడిపోయింది. ఆ రాత్రి బండి 2020 మార్చి తర్వాత మళ్లీ పట్టాలెక్కలేదు. దాంట్లో కిక్కిరిసి ప్రయాణించినవాళ్లలో చాలామంది జేబులో ఉండిన టికెట్టు మాత్రం ఇంకా బతికే ఉంది. దాని పేరు సెయిషున్ 18 కిప్పు.

కిప్పు అంటే టికెట్టు, సెయిషున్ అంటే పడుచుతనం. పేరులో 18 ఉంది కదా, అది దాటినవాళ్లకు ఇవ్వరేమో అనుకోనక్కర్లేదు. డెబ్బై ఏళ్ల తాతగారికైనా ఇస్తారు. చిన్నపిల్లలకు మాత్రం సగం టికెట్టు లేదు, వాళ్లకూ అదే రేటు. 1982 మార్చిలో, అప్పటికే అప్పుల్లో కూరుకుపోయిన జపాన్ జాతీయ రైల్వే, సెలవుల్లో ఖాళీగా తిరిగే మామూలు బళ్లను నింపుకోవడానికి దీన్ని మొదలుపెట్టింది. 1987 ఏప్రిల్‌లో ఆ సంస్థను ఆరు ప్రయాణికుల రైల్వేలుగా, ఒక సరకు రవాణా సంస్థగా విడగొట్టారు. వేరు కాపురాలు పెట్టినా ఈ ఆరు ‘జేఆర్’ సంస్థలూ ఈ టికెట్టును కలిసే నడుపుతున్నాయి. బడులకు సెలవులుండే వసంతం, వేసవి, చలికాలం, ఈ మూడు రుతువుల్లోనే అమ్ముతారు. అయిదు రోజుల పాటు ఎంత తిరిగినా 12,050 యెన్‌లు, అంటే సుమారు ఏడు వేల రూపాయలు. రోజుకు 2,410 యెన్‌లు పడుతుందన్నమాట.

షరతు ఒకటే, మామూలు బళ్లే ఎక్కాలి. ప్రతి స్టేషన్‌లోనూ ఆగేవి, కొన్ని స్టేషన్లు వదిలేసే ‘కైసొకు’లు, గంటకు 130 కిలోమీటర్ల దాకా అందుకునే ‘షిన్‌కైసొకు’లు, అన్నీ ఎక్కవచ్చు. షింకన్‌సెన్ బుల్లెట్ రైళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు కుదరవు. అదనపు రుసుము కడితే ఎక్కనిస్తారులే అనుకుంటే దెబ్బతింటారు. అసలు చార్జీ కూడా మొదటి నుంచీ కట్టుకోవాలి.

టోక్యో నుంచి ఒసాకాకు 556 కిలోమీటర్లు. షింకన్‌సెన్‌లో రెండున్నర గంటలు, దాదాపు 14,000 యెన్‌లు. మామూలు బళ్లలో మామూలు టికెట్టుతో వెళితే 8,910 యెన్‌లు, సుమారు తొమ్మిది గంటలు. ఈ 18 కిప్పు పాసు ఉంటే ఆ తొమ్మిది గంటలకూ ఒక రోజు ఖర్చయిపోతుంది, అంతే. ఒక్కసారి వెళ్లొస్తేనే పాసు డబ్బులు రాబట్టుకోవడమే కాక పైన అయిదు వేలకు పైగా మిగులుతుంది.

అయితే ఈ తొమ్మిది గంటలు ఒకే బండిలో గడవవు. అతమి, హమమత్సు, తొయొహషి, ఒగాకి, మైబరా, ఇలా వరసగా బళ్లు మారుతూ పోవాలి. వీటిలో సహనానికి పరీక్ష పెట్టేది అతమి నుంచి తొయొహషి దాకా ఉన్న 189 కిలోమీటర్లు. ఇక్కడ చాలా బళ్లు ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతాయి. సీట్లు మన మెట్రోలో మాదిరి గోడవారన పొడుగ్గా ఉంటాయి. ఇదంతా దాదాపు షిజువోకా ప్రాంతమే కనుక రైలు పిచ్చిగలవాళ్లు దీనికి ‘షిజువోకా నరకం’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కొన్ని పాత బళ్లలో మరుగుదొడ్డి కూడా ఉండేది కాదు కనుక ఆ పేరుకు న్యాయమే జరిగింది. ఒసాకా వైపు వెళ్లేటప్పుడు ఫుజి కొండ ఎక్కువగా కుడివైపు కనబడుతుంది. గోడవార సీటు మీద కూర్చున్నవాళ్లకు తమ వెనక కిటికీ కనబడదు కాబట్టి, కొండను చూడాలంటే ఎడమవైపు కూర్చోవాలి. ఇలాంటి చిన్న చిన్న కిటుకులు తెలిసినవాళ్లకే ఈ ప్రయాణం అచ్చివస్తుంది.

అసలు పని టైంటేబుల్ దగ్గర మొదలవుతుంది. జపాన్‌లో టైంటేబుల్ పుస్తకానికి నవల స్థాయి గౌరవం. 1925 నుంచి వస్తున్న ఒక నెలవారీ టైంటేబుల్ ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతుంది. మియవాకి షున్‌జో అనే సంపాదకుడు జాతీయ రైల్వే లైన్లన్నీ, దాదాపు 20,000 కిలోమీటర్లు, తిరిగి 1978లో దానిమీద పుస్తకం రాస్తే జనం ఎగబడి చదివారు. ఇప్పుడు ఫోన్‌లో వెతుక్కోవచ్చు కానీ, యాప్ చెప్పే మొదటి దారి దాదాపు ఎప్పుడూ షింకన్‌సెన్‌దే. దాన్ని తీసేసి వెతకమని చెప్పాలి.

అనుభవం ఉన్నవాళ్లు బయల్దేరే ఊరి నుంచి లెక్కవేయరు. దారిలో అన్నిటికంటే తక్కువ బళ్లు తిరిగే ముక్క ఏదో చూసుకుని అక్కడి నుంచి అటూ ఇటూ లెక్కవేస్తారు. ఫుకుషిమా కొండల్లోని తదామి లైనే తీసుకోండి. మొత్తం 135 కిలోమీటర్లు. 2011 జులై వరదల్లో వంతెనలు కొట్టుకుపోతే మళ్లీ పూర్తిగా తెరవడానికి 2022 అక్టోబరు దాకా పట్టింది. అలా తెరిచిన ముక్కలో రోజుకు వెళ్లేవి మూడు, వచ్చేవి మూడు. ఒక బండి తప్పిపోతే ఆ రోజు ప్రణాళిక మొత్తం తల్లకిందులే. అందుకని ముందు తదామి బండి వేళను ఖాయం చేసుకుని, మిగతావి దానికి అతికించుకోవాలి.

అర్ధరాత్రి లెక్క మరోటి. 12 దాటాక బండి ఆగే మొదటి స్టేషన్ దాకానే ఆ రోజు పాసు చెల్లుతుంది. టోక్యో, ఒసాకా నగర ప్రాంతాల్లో మాత్రం చివరి బండి దాకా. మూన్‌లైట్ నగారా ఎక్కేవాళ్లు దీన్ని తెలివిగా వాడుకునేవారు. 12 దాటాక అది మొదట ఆగేది ఒదవారాలో. అక్కడి దాకా మామూలు టికెట్టు కొనుక్కుని, పాసులో కొత్త రోజును ఒదవారా నుంచి మొదలుపెట్టేవారు.

పటంలో గీత కనబడినంత మాత్రాన పాసు చెల్లదు. కొత్త షింకన్‌సెన్ లైను వేసినప్పుడు పక్కనున్న పాత లైనును సాధారణంగా స్థానిక సంస్థలకు అప్పగిస్తారు. 2015లో నగానో నుంచి కనజావా దాకా, 2024 మార్చిలో అక్కడి నుంచి త్సురుగా దాకా ఇదే జరిగింది. కొన్నిచోట్ల మినహాయింపులున్నాయి. ఉత్తరాన హచినొహె నుంచి అఒమొరి దాకా పాసుతో సాగిపోవచ్చు కానీ, మధ్యలో నొహెజిలో తప్ప దిగకూడదు. దారిలో వేడినీటి బుగ్గల ఊరు అసముషి వస్తుంది. ఆశపడి దిగితే చార్జీ కట్టాల్సిందే.

2024 చలికాలంలో ఈ టికెట్టు రూపమే మారింది. అంతకుముందు దానిమీద అయిదు గళ్లుండేవి. రుతువులో ఏ రోజు కావాలంటే ఆ రోజు ఒక ముద్ర వేయించుకోవచ్చు, అయిదుగురు స్నేహితులు ఒకే రోజు వాడుకోవచ్చు, మిగిలిపోయిన గళ్లను పాత టికెట్ల దుకాణంలో అమ్ముకోవచ్చు. ఇప్పుడు వరసగా అయిదు రోజులు, ఒక్క మనిషి. లేదా 10,000 యెన్‌లకు వరసగా మూడు రోజులు. బదులుగా ఆటోమేటిక్ గేటులోంచి పోవచ్చట. ఇదేం గిట్టుబాటు బేరం కాదు. మధ్యలో ఒక ఊళ్లో ఒకరోజు తీరిగ్గా ఆగుదామంటే ఆ రోజు డబ్బు దండగ.

అయినా దీనికి సాటి వచ్చేది మరోటి కనబడదు. విదేశీ యాత్రికులు కొనే జపాన్ రైల్ పాస్ ఏడు రోజులకు 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్‌లకు ఎగబాకింది. అది కూడా కొద్దిరోజులకు చూడవచ్చినవాళ్లకే. టోక్యోలో ఉద్యోగం చేసుకుంటూ స్థిరపడిన తెలుగువాళ్లకు ఆ పాసు ఇవ్వరు. ఈ 18 కిప్పు వాళ్లకూ, వాళ్లను చూడవచ్చిన అమ్మానాన్నలకూ ఒకేలా ఇస్తారు.

టోక్యోలో తొలి బళ్లు పట్టుకుంటే, ఒసాకాలో ఎక్కువసేపు ఆగకుండా, రాత్రి భోజనాల వేళకు హిరోషిమా చేరవచ్చు. మర్నాడు పొద్దున్నే లోకల్ ఎక్కి మియజిమగుచిలో దిగితే ఎదురుగా రేవు. మియజిమ దీవికి పది నిమిషాల దారి. అక్కడ తిరిగే పడవల్లో ఒకటి జేఆర్‌దే కనుక దానికీ ఈ టికెట్టే చాలు. దీవికి వచ్చేవాళ్ల దగ్గర 2023 అక్టోబరు నుంచి వసూలు చేస్తున్న 100 యెన్‌ల పన్ను మాత్రం జేబులోంచి తీయాలి.