మంచు కింది మోసం

స్నోమొబైల్ అంటే మంచుమీద నడిచే మోటారు బండి. ముందు జారుడు పలకలు రెండు, వెనక టాంకుకు ఉన్నట్టు తిరిగే పట్టా. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండల్లో చలికాలమంతా దానితోటే సరదా.

2010 మార్చి 13న రెవెల్‌స్టోక్ ఊరి దగ్గర, బౌల్డర్ కొండమీద సుమారు 200 మంది చేరారు. ఎవరి బండి ఎంత ఎత్తు ఎక్కుతుందో చూసే వేడుక అది. మంచు చరియలు విరిగిపడవచ్చునని హెచ్చరిక ముందే వెలువడింది. చరియ విరగనే విరిగింది. ఇద్దరు చనిపోయారు, 30 మంది దాకా గాయపడ్డారు.

పైకి దూదిపరుపులా కనిపించే ఆ మంచు నిజానికి పొరలు పొరలు. చలిరాత్రులు పైన పేరుకున్న పలుకులు ఒకదానికొకటి అంటుకోవు. వాటిమీద కొత్తమంచు కురిసి గట్టిపడిందా, పంచదారమీద బండ పరచినట్టే. 30 నుంచి 45 డిగ్రీల వాలులో బండి బరువు పడితే ఆ బండ మొత్తం జారుతుంది. ముందు పదిమంది వెళ్ళారు గదా అన్న ధైర్యం పనికిరాదు. పైమంచు పలచబడిన చోటు పదకొండోవాడికి తగలవచ్చు.

అందుచేత వాలుమీదికి ఒక్కరే వెళ్ళాలి. మిగతావారు దూరాన నిలిచి చూడాలి. కూరుకుపోయిన బండిని లాగుదామని రెండోవాడు ఎక్కడం మంచి మనసే గాని, చరియమీద రెండు బరువులు! ఒంటిమీద సంకేతాలు పంపే చిన్న యంత్రం, వీపు సంచిలో మంచులో గుచ్చి వెదికే కడ్డీ, పార ఉండాలి. బండికి కట్టి లాభం లేదు. చరియలో బండి ఒకదారి, మనిషి ఒకదారి.

స్విట్జర్లాండ్ ప్రమాదాలమీద 2024లో వెలువడిన లెక్క ప్రకారం, పూడిపోయినవారిని 10 నిమిషాల్లోగా పైకి తీస్తే నూటికి 90 మంది దాకా బతికారు. అరగంటకు ఆ ఆశ సుమారు మూడోవంతే. హెలికాప్టరు వచ్చేదాకా వ్యవధి ఎక్కడిది? తవ్వవలసింది పక్కబండివాళ్ళే. యంత్రంతో వెదకడం, పార పట్టడం వాళ్ళకు ముందే అలవాటై ఉండాలి.