అడవి సరుకు అమ్మే వెబ్‌సైట్: కొనేవారికి సులువుగా దొరకాలంటే ఏం చేయాలి?

భద్రాచలం మన్యంలో తేనె, చింతపండు, ఇప్పపువ్వు, చిరుధాన్యాలను శుభ్రం చేసి, ప్యాక్ చేసి సొంతంగా అమ్ముతున్న రైతులు, మహిళా సంఘాలు ఉన్నాయి. 2025 జూన్ 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి ఇక్కడి మహిళలు తయారుచేసే 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కెట్లను ప్రస్తావించారు. ఇలా పేరు విన్నవారు ముందుగా ఫోన్‌లో వెతుకుతారు. అప్పుడు మీ పేజీ కనిపించకపోతే, మీ దగ్గర తక్కువకు కొని ఎక్కువకు అమ్మేవారి పేజీ కనిపిస్తుంది. లాభం అటే పోతుంది. అందుకే వెబ్‌సైట్ ఉన్న రైతులు, సంఘాలు ఈ కింది అంశాలు సరిచూసుకోవాలి.

చిరునామా

2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అయినా పాత అలవాటుతో 'ఖమ్మం తేనె' అని వెతికేవారూ ఉంటారు. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడివారు పాత రాష్ట్రం పేరే ఉంచితే కొనేవారు తికమకపడతారు, పార్సిల్ కూడా ఆలస్యం కావచ్చు.

• గ్రామం, మండలం, ఇప్పటి జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్ పూర్తిగా రాయండి. పరిచయంలో 'పూర్వపు ఖమ్మం జిల్లా' అని ఒకసారి చేర్చండి.
• గూగుల్ మ్యాప్స్‌లో మీ వ్యాపారాన్ని నమోదు చేయండి. దీనికి రుసుము లేదు.
• వెబ్‌సైట్, మ్యాప్, ప్యాకెట్ లేబుల్ మూడింటిలో పేరు, ఫోన్ నంబరు ఒకేలా ఉండాలి.

కొనేవారు వాడే మాటలు

'మా ఉత్పత్తులు' అనే శీర్షిక కింద అన్నీ కలిపి పెట్టకండి. ఒక్కో సరుకుకు ఒక్కో పేజీ ఉంచి, 'భద్రాచలం అడవి తేనె, 500 గ్రాములు' వంటి స్పష్టమైన శీర్షిక పెట్టండి. ఇప్పపువ్వును బయటివారు 'మహువా' అంటారు కాబట్టి ఆ పేరూ రాయండి. తెలుగుతోపాటు ఇంగ్లిష్‌లోనూ వివరాలు ఉండాలి. ధరల పట్టికను ఫొటోగా మాత్రమే పెడితే వెతుకులాటలో సరిగా దొరకదు. అక్షరాల్లో టైపు చేయించండి.

తక్కువ సిగ్నల్‌లోనూ తెరుచుకోవాలి

ఫోన్‌లో తీసిన ఫొటో 3 నుంచి 5 ఎంబీ వరకు ఉంటుంది. దాన్ని 200 కేబీ లోపు తగ్గించి పెట్టండి. సిగ్నల్ తక్కువగా ఉన్న చోట మీ ఫోన్‌లోనే పేజీ తెరిచి చూడండి. ధర, బరువు, పార్సిల్ ఖర్చు, ఎన్ని రోజుల్లో చేరుతుందో పేజీలోనే ఉండాలి. ఫోన్ నంబరు నొక్కగానే కాల్ వెళ్లాలి. వాట్సాప్ బటన్ ఉంటే ఇంకా మంచిది.

ఇప్పపువ్వు వంటి సరుకు ఏడాదంతా రాదు. నిల్వ అయిపోతే పేజీని తొలగించకండి. 'మళ్లీ ఏప్రిల్‌లో దొరుకుతుంది' అని రాస్తే చాలు. తొలగిస్తే వెతుకులాటలో ఇన్నాళ్లూ వచ్చిన గుర్తింపు పోతుంది.

నమ్మకం కలిగించే వివరాలు

• 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరును పేజీలో కనిపించేలా ఉంచండి.
• తేనె చలికి పేరుకోవడం సహజమని రాయండి. లేకపోతే కల్తీ అనుకుని తిప్పి పంపుతారు.
• ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదని తెలపండి.
• షుగర్ తగ్గుతుంది, జబ్బులు నయమవుతాయి అని రాయకండి. ఆహార పదార్థాలకు అలాంటి ప్రచారం చట్టవిరుద్ధం.

మోసపోకుండా జాగ్రత్తలు

వెబ్‌సైట్ పేరు (డొమైన్) తయారుచేసిన వ్యక్తి పేరు మీద కాక, మీ పేరు మీద లేదా సంఘం పేరు మీద ఉండాలి. లేకపోతే అతను మాట మార్చిన రోజు పేరూ, పేజీ రెండూ చేజారుతాయి. పాస్‌వర్డ్ సంఘంలో ఇద్దరి దగ్గర ఉండాలి. రెన్యువల్ తేదీని తీర్మానాల పుస్తకంలో రాసుకోండి.

'గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ' అంటూ డబ్బు అడిగేవారిని నమ్మకండి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. కొనేవారమంటూ ఫోన్ చేసి యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసం. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు.

మార్పులు చేసిన తర్వాత ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నెలకోసారి వేరేవారి ఫోన్‌లో మీ సరుకు పేరు, ఊరి పేరు కొట్టి చూడండి. కొత్తగా ఫోన్ చేసిన ప్రతివారినీ 'మా నంబరు ఎక్కడ దొరికింది?' అని అడిగి రాసుకోండి. ఏ మార్పు పనిచేసిందో ఆ లెక్కే చెబుతుంది.