తక్కువ వెలలో వెల్డింగు యంత్రము

మెట్ట ప్రాంతమైన నల్లజర్ల పరిసరములలో గేటు మడతబందు ఊడినను, బోరు క్లాంపు విరిగినను పట్టణమునకు మోసికొనిపోవుట దండుగ. ఇనుప పనియందు అభిరుచిగల యువకుడు ఊరిలో ఒక్కడున్నను ఈ ఇబ్బంది చాలవరకు తీరును. అట్టివాడు యంత్రము కొనదలచినపుడు పంచాయతీ సభ్యులు చెప్పదగిన సంగతులివి.

పాతరకపు ట్రాన్స్‌ఫార్మరు యంత్రములు మోటుపనికి తట్టుకొనును. కాని బరువు హెచ్చు, కరెంటు ఖర్చు హెచ్చు. చిన్న ఇన్వర్టరు యంత్రము కొద్ది కిలోల బరువే యుండి, 230 వోల్టుల సింగిల్‌ఫేజు కరెంటుతో పనిచేయును.

పెట్టెపై ముద్రించిన పెద్ద ఆంపియర్ల సంఖ్యను చూచి మురియరాదు. గేట్లకు వాడు పలుచని ఇనుమునకు 2.5 మి.మీ. రాడ్డు, 70 నుండి 90 ఆంపియర్లు చాలును. ముఖ్యముగా చూడవలసినది ‘డ్యూటీ సైకిల్’. ఒకానొక ఆంపియర్ల వద్ద అది 60 శాతమనగా, ఆ ఆంపియర్లపై 10 నిమిషములలో 6 నిమిషములు అతికి, 4 నిమిషములు చల్లారనీయవలెనని అర్థము. వోల్టేజి పడిపోవు ఊళ్లలో, ఎంత తక్కువ వోల్టేజి వరకు యంత్రము పనిచేయునో అంగడిలోనే అడుగవలెను. సన్నని, పొడవైన తీగతో కరెంటు తెచ్చినచో మంచి యంత్రమును మొరాయించును.

యంత్రముపై మిగిల్చిన సొమ్మును నల్లద్దపు ముఖకవచమునకు, తోలు తొడుగులకు, సరియైన ఎర్తుకు వెచ్చింపవలెను. ఆ వెలుగును ఉత్త కంటితో చూచినచో కొన్ని గంటల పిమ్మట కండ్లు ఇసుక పడినట్లు మండును. కావున వేడుక చూడవచ్చు పిల్లలను దూరముగా నుంచవలెను. జింకుపూత గొట్టముల పొగ జ్వరము తెచ్చును. పూతను గీకివేసి, గాలివాటున నిలిచి అతుకవలెను.

యంత్రము చవుకగా దొరకవచ్చును. చూపు ఏ వెలకును దొరకదు.