నల్లపావులు వస్తే నిరుత్సాహమెందుకు?

(మా విలేకరి)

పాకాల : చదరంగం బల్ల ముందు కూర్చున్న ఇద్దరు కుర్రవాళ్లలో నల్లపావులు వచ్చినవాడి ముఖం చిన్నబోవడం మన ఊళ్లలో మామూలే. తొలి ఎత్తు తెల్లపావులది గనుక సగం ఆట అప్పుడే పోయిందని వాడి బెంగ. అటువంటివారు 2024లో సింగపూరులో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ సంగతి తెలుసుకోవాలి. అందులో మొదటి ఆటా, చివరి ఆటా నల్లపావులే గెలిచాయి.

పోటీపడినవారిలో ఒకరు అప్పటి ప్రపంచ విజేత, చైనాకు చెందిన డింగ్ లిరెన్. రెండవవారు 18 ఏళ్ల దొమ్మరాజు గుకేశ్. మద్రాసులో పుట్టి పెరిగినా, ఆయన పూర్వీకులది మన సత్యవేడు ప్రాంతమే.

నవంబరు 25న తొలి ఆటలో గుకేశ్‌వి తెల్లపావులు. రాజు ముందరి బంటును ఆయన రెండు గడులు జరిపారు. డింగ్ తన రాజు ముందరి బంటును ఒక్క గడి మాత్రమే కదిపారు. దీనినే ‘ఫ్రెంచి రక్షణ’ అంటారు. 1834లో లండను క్లబ్బుతో ఉత్తరాల ద్వారా మొదలైన పోటీలో పారిస్ వారు దీనిని ఆడి గెలవడంతో ఆ పేరు వచ్చింది. ముందు తగ్గి ఉండి, ఆపైన మంత్రి ముందరి బంటుతో ప్రత్యర్థిని నిలదీయడం దీని పద్ధతి. ఆ ఆటలో 42 ఎత్తులకు గుకేశ్ ఓడిపోయారు.

ఆయన కుంగిపోలేదు. మూడవ ఆట గెలిచి సమం చేశారు. పదమూడు ఆటలు ముగిసేసరికి ఇద్దరికీ చెరి ఆరున్నర పాయింట్లు.

డిసెంబరు 12న చివరి ఆట. ఈసారి నల్లపావులు గుకేశ్‌వి. ఆయనకు ఒక్క బంటు మాత్రమే ఎక్కువ. ఆట సమంగా ముగుస్తుందనే అందరూ అనుకున్నారు. డ్రా అయితే మరునాడు తక్కువ వ్యవధి ఆటలతో విజేతను తేల్చవలసి ఉంది. అయినా గుకేశ్ తొందరపడలేదు, వదలనూ లేదు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టారు. గుకేశ్ ఏనుగులను మార్చుకుని, ఏటవాలుగా నడిచే శకటులను కూడా మార్చుకోక తప్పని స్థితి కల్పించారు. ఇక మిగిలినవి రాజులు, బంట్లు. ఆ ఒక్క బంటే ఆటను నిర్ణయించింది. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నారు. 1985లో 22 ఏళ్లకు విజేత అయిన కాస్పరోవ్ రికార్డును గుకేశ్ దాటారు.

పాకాల జంక్షనులో బండి మారేవారికి ఓపిక ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ ఓపికే చదరంగం బల్ల ముందు కూడా ఉంటే, నల్లపావులు వచ్చాయని మన పిల్లలు దిగులు పడవలసిన పని లేదు.