చిటుకు రోగము - మందల రక్షణము

తొలకరి జల్లులు పడినంతనే భైంసా ప్రాంతపు నల్లరేగడి భూములు పచ్చబడును. రైతునకది శుభసూచన. గొల్లకురుమలకు మాత్రము ఆ పచ్చికయే భయకారణమగుచున్నది. సాయంకాలము కడుపునిండ మేసి దొడ్డి చేరిన గొఱ్ఱెపిల్ల తెల్లవారుసరికి చచ్చి పడియుండును. బక్కపిల్లలు బ్రతికియుండగా బాగుగా బలిసినదియే ముందు పడును. ఇది దిష్టియని కొందఱనుకొందురు. కాదు, చిటుకు రోగము.

దీనిని కలిగించు సూక్ష్మజీవి యెక్కడినుండియో వచ్చునది కాదు. ఆరోగ్యముగానున్న గొఱ్ఱె ప్రేవులలోనే కొలదిగా నివసించుచుండును. దాని పేరు క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్. ప్రాణవాయువు లేని చోటనే యది వృద్ధిపొందును. ఈ జాతిని 1892లో అమెరికాలో వెల్ష్, నట్టాల్ అను శాస్త్రజ్ఞులు తొలుత వర్ణించిరి. లేతపచ్చికగాని ధాన్యముగాని అమితముగా తిన్నపుడు, అరగని పిండిపదార్థము ప్రేవులలోనికి దిగును. అదియే సూక్ష్మజీవికి విందు. కొలది గంటలలో నది పెచ్చుపెరిగి విషమును పుట్టించును. ఆ విషము రక్తమున గలిసి మెదడును, మూత్రపిండములను చెఱచును. పిల్ల యెగిరిపడి, మెడ వెనుకకు వాల్చి, కాళ్లు కొట్టుకొని ప్రాణము విడుచును. వైద్యుని పిలుచుటకైన వ్యవధి యుండదు.

చికిత్సకు వేళలేని రోగమునకు నివారణమే శరణ్యము. తొలకరికి ముందే మందకంతకు టీకా వేయింపవలెను. తొలిసారి వేయించిన పిల్లలకు రెండు మూడు వారములలో మరల వేయించి, పిదప ఏటేట తప్పకుండవలెను. చూడిగొఱ్ఱెకు ఈనుటకు నెలముందు వేయించినచో జున్నుపాల మూలమున పిల్లకు రక్షణ కలుగును. ఆకలిగొన్న మందను ఒక్కసారిగా లేతపచ్చికపై వదలరాదు. ముందు కొంత యెండుమేత వేయవలెను. చచ్చినదానిని వాగున పాఱవేయరాదు. ఈ క్రిమి బీజములు మట్టిలో చిరకాలము నిలుచును గనుక లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము 75 శాతము సబ్సిడీతో 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున పంచు పథకమును ప్రారంభించెను. పంచుట యొక యెత్తు. బ్రతికించుట యొక యెత్తు. పొలములలో మందలు కట్టించుకొని యెరువు పొందు భూస్వాములకు నిందు బాధ్యత లేదనగలమా? పశువైద్యశాలకు కబురంపుట, టీకాదినమున మంద నిలుచుటకు చోటిచ్చుట వారికి భారము కాదు. కాపరి మంద నిలిచినగాని మన చేను సారము నిలువదు. వానలు వచ్చిన పిదప వగచుటకంటె, వేసవిలోనే మేల్కొనుట మేలని మా మనవి.